నోరు మూయించిన వాళ్ళే నోరు లేదంటున్నారు

పోయిన ఎండాకాలం మన పేట కుర్రాడొకడు ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాడు. బీఎస్సీ కెమిస్ట్రీ, ఫస్టు క్లాసు. పల్నాడులో సిమెంటు ఫ్యాక్టరీలకి కరువు లేదు గదా, అందులో ఒకదాంట్లో లాబ్ కెమిస్టు పోస్టు. ఏ ఫ్యాక్టరీయో చెప్పి ప్రయోజనం లేదు, పక్కన పెట్టండి.

లోపలికి పిలిచి కూర్చోమన్నారంట. వీడు కుర్చీ అంచున కూర్చున్నాడు. ‘నీ గురించి చెప్పు’ అన్నారు. పేరు, ఊరు, చదువు చెప్పి ఆగిపోయాడు. ‘మీ నాన్న ఏం చేస్తారు?’ అన్నారు. తల దించుకుని ‘కూలి సార్’ అన్నాడు. ‘ఏం కూలి?’ అంటే మాట రాలా. తర్వాత సున్నపురాయిని కాలిస్తే ఏమవుతుందని అడిగారు. పుస్తకంలో సమీకరణం ఒప్పజెప్పాడు. ‘బాగుంది. వంద కేజీల రాయి కాలిస్తే ఎంత మిగులుద్ది? తగ్గిన బరువు ఎటు పోయింది?’ అన్నారు. వాడికి చెమటలు పట్టినయ్. ‘సారీ సార్’ అని లేచొచ్చాడు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేస్తే ‘సబ్జెక్టు ఫరవాలేదు, కమ్యూనికేషన్ లేదు’ అన్నారంట.

ఆ కుర్రాడి నాన్న ఇరవై ఏళ్ళ పైచిలుకు పిడుగురాళ్ల సున్నం బట్టీలో పని చేస్తున్నాడు.

ఆ రాత్రి మేం వాళ్ళింటికి వెళ్ళాం. మాటల్లో ఆయన్ని అడిగాం: ‘అన్నా, వంద కేజీల రాయి బట్టీలో పోస్తే ఎంత సున్నం వచ్చిద్ది?’ ఆయన ఆలోచించను కూడా లేదు. ‘సగానికి పైన కొంచెం వచ్చిద్ది. మిగతాది గాలైపోద్ది గదా. అందుకే కాలిన రాయి చేతికి తేలిగ్గా ఉంటది’ అన్నాడు. కుర్రాడు నోరెళ్ళబెట్టాడు. పుస్తకం లెక్కలో అయితే 100కి 56 సున్నం, 44 బొగ్గుపులుసు వాయువు. అదీ ఇదీ ఒకటే. సిమెంటు లాబ్‌లో కాల్చి బరువు తగ్గుదల చూడటం రోజువారీ పరీక్ష. వాణ్ణి అడిగింది ఆ పనే.

జవాబు ఇంట్లోనే ఉంది. రోజూ రాత్రి వాడి పక్కన కూర్చుని అన్నం తింటోంది. దాన్ని దాచిపెట్టమని వాడికి నేర్పింది ఎవరు? మనమే నేర్పాం. ‘బాగా చదువుకోరా, నాలాగా బట్టీ పాలు కామాక’ అని ప్రతి తండ్రీ చెప్తాడు. బిడ్డ మీద ప్రేమతోనే చెప్తాడు. పదిహేనేళ్ళు ఆ మాట విన్న పిల్లాడికి మాత్రం బట్టీ అంటే సిగ్గుపడాల్సిన చోటని తలకెక్కింది. పుస్తకంలో సున్నపురాయి వేరు, నాన్న చేతిలో సున్నపురాయి వేరు అనుకున్నాడు.

అన్నలారా, అక్కలారా, అసలు ఇంటర్వ్యూ అంటే ఏందో ఒకసారి ఆలోచించండి. బల్లకి అటు నలుగురు, ఇటు ఒక్కడు. వాళ్ళ ఎదురుగా కూర్చోవాలి. కళ్ళల్లోకి చూడాలి. ‘నేను ఇది చేయగలను’ అనాలి. అవసరమైతే ఎదురు ప్రశ్న వేయాలి. ఆసామి ఎదుట కూర్చోవడం, కళ్ళెత్తి చూడటం, నేను అనడం, ఎదురు అడగడం - ఈ నాలుగూ మన తాతలకి ఊళ్ళో నిషేధం. చెప్పులు చేతబట్టుకుని నడిచిన వీధుల్లో, తలగుడ్డ తీసి నడుముకి చుట్టుకుని నిలబడ్డ అరుగుల ముందు, ‘అయ్యా తమ దయ’ తప్ప వేరే జవాబుండేది కాదు.

ఎదురు చెప్తే ఏమవుతుందో ఈ నేలకి తెలుసు. కారంచేడులో 1985 జూలైలో, తాము తాగే చెరువు నీళ్ళు మురికి చేయొద్దని అడ్డు చెప్పడమే మాదిగపల్లె చేసిన నేరం. జూలై 17న పెత్తందార్లు పల్లె మీద పడి చంపారు. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ దగ్గర మొదలై, 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికిందాకా పోయింది. ఇట్టాంటి నేల మీద తల్లి బిడ్డకి మొదట నేర్పేది ‘ఊరుకో నాయనా, ఎదురు చెప్పమాక’ అనే. దాన్ని పిరికితనం అనేవాడికి బుద్ధి లేదు. అది బిడ్డని బతికించుకునే తెలివి. ఆ తెలివిని తరతరాలుగా నేర్చుకొచ్చిన పిల్లాణ్ణి ఒక పొద్దున పది గంటలకి చల్లటి గదిలో కూర్చోబెట్టి, పది నిమిషాల్లో ‘కమ్యూనికేషన్ లేదు’ అని రాసి పంపేస్తున్నారు. నోరు మూయించింది ఎవరు? ఇప్పుడు నోరు లేదంటున్నది ఎవరు?

దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు ప్రతిభ. 1990లో మండల్ రిజర్వేషన్లప్పుడు రోడ్లూడ్చి, బూట్లు తుడిచి, ప్రతిభ చచ్చిపోతోందని గుండెలు బాదుకున్నారు. వాళ్ళ ప్రతిభలో సగం అన్నాల బల్ల దగ్గర తయారైంది. తండ్రి ఆఫీసరు, మేనమామ లాయరు, ఇంటికొచ్చే పోయేవాళ్ళు ఇంజనీర్లు. ‘అంకుల్‌కి రైమ్ చెప్పమ్మా’ అన్నప్పుడే వాళ్ళ పిల్లలకి ఇంటర్వ్యూ మొదలైంది. అప్పటికి మనవాడు పత్తి చేల గట్టు మీద చెల్లెల్ని ఆడిస్తున్నాడు.

అట్టా అని మాట నేర్చుకుంటే చాలు, ఉద్యోగం వచ్చేస్తుందా? అదీ లేదు. మనకి పక్కనే వినుకొండ. అక్కడ 1895లో పుట్టిన గుర్రం జాషువా ఎంత కవి! ఆయన పద్యం విని భళీ అన్నవాళ్ళే కులం అడిగి, తెలుసుకుని, లేచిపోయిన బాధ ఆయనే పద్యంలో చెప్పుకున్నాడు. ఆయన కంటే బాగా మాట్లాడగలవాడు మనలో ఎవడున్నాడు? అన్ని ప్రశ్నలకీ గెలిచి ఆఖరి ప్రశ్న దగ్గర ఓడిపోయే ఇంటర్వ్యూ అది.

ఇదంతా పాతకాలం సంగతి అనేవాళ్ళకి లెక్క చూపిద్దాం. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు పేపర్లలో ప్రైవేటు కంపెనీలు వేసిన 548 ఉద్యోగ ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. సరిసమానమైన అర్హతలే పెట్టి పేర్లు మార్చారు. కొన్నిటికి అగ్రకులపు పేరు, కొన్నిటికి దళితుడి పేరు, కొన్నిటికి ముస్లిం పేరు. అగ్రకులపు పేరుకి పిలుపొచ్చే అవకాశం వంద అనుకుంటే, దళితుడి పేరుకి సుమారు 67, ముస్లిం పేరుకి సుమారు 33 అని తేలింది. 2007లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో అచ్చయింది. ఇంకా నోరు తెరవలేదు, గడప తొక్కలేదు, అప్పుడే మూడోవంతు పోయింది. అదే ఏడాది అదే పత్రికలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అనే వాళ్ళు, ఉద్యోగాలిచ్చే మేనేజర్లని కలిసి మాట్లాడి రాశారు. మేం ప్రతిభే చూస్తాం, కులం చూడం అన్న ఆ మేనేజర్లే, కుటుంబ నేపథ్యం మాత్రం చూస్తామన్నారు. ‘మీ నాన్న ఏం చేస్తారు’ అన్న ప్రశ్న ఎందుకొస్తుందో ఇప్పుడు తెలిసిందా?

సుప్రీంకోర్టు కూడా ఒకసారి ఈ గదిలోకి తొంగి చూసింది. 1980లో అజయ్ హాసియా కేసు. శ్రీనగర్‌లో ఇంజనీరింగు కాలేజీ సీట్లకి మొత్తం మార్కుల్లో మూడోవంతు మౌఖిక పరీక్షకే పెట్టారు. ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలు మాట్లాడి, తండ్రెవరు, ఊరేది అని అడిగి పంపేశారని పిల్లలు కోర్టుకెక్కారు. మౌఖికానికి పదిహేను శాతం మించి మార్కులు పెట్టడం నిలబడదని కోర్టు చెప్పింది. ఇంటర్వ్యూని టేపు చేస్తే మంచిదని కూడా చెప్పింది. నలభై ఐదేళ్ళయింది. టేపులు పోయి ప్రతి జేబులోకీ ఫోనొచ్చింది. మన పిల్లలు వెళ్ళిన ఏ ఇంటర్వ్యూనీ రికార్డు చేశారని మేం ఇంతవరకూ వినలేదు.

ఇంటర్వ్యూ లేనిచోట మన పిల్లలు ఎట్టా ఉన్నారో చూడండి. 2025 డీఎస్సీలో 16,347 పంతులు పోస్టులు. రాతపరీక్షకి 80, టెట్‌కి 20, ఇంటర్వ్యూకి సున్నా. కేంద్రం కూడా 2016 జనవరి 1 నుంచి గ్రూపు సి, గ్రూపు డి, గెజిటెడ్ కాని గ్రూపు బి ఉద్యోగాలకి ఇంటర్వ్యూలు ఎత్తేసింది. ఏ పేటకెళ్ళినా పంతులు కనపడతాడు, కానిస్టేబులు కనపడతాడు, రైల్వే గ్యాంగుమన్ కనపడతాడు. కంపెనీ మేనేజరు కనపడడు. రిజర్వేషనూ రాతపరీక్షా రెండూ ఉన్నచోటికి మనం చేరాం. రెండూ లేనిచోట గేటు బయటే ఉన్నాం. కాబట్టి ప్రైవేటులో రిజర్వేషన్ కావాలి, ఇంటర్వ్యూల్లో తండ్రి పనీ కులమూ అడగకూడదు, మార్కులు బయటపెట్టాలి. ఈ డిమాండ్లు మనం విడిచిపెట్టేది లేదు.

అయితే సోమవారం ఇంటర్వ్యూ ఉన్న పిల్లాడు ఆదివారం సాయంత్రం మన దగ్గరికొస్తే ఏం చెప్తాం? ‘చట్టం వచ్చిందాకా ఆగు తమ్ముడూ’ అంటామా?

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ఉద్యమంలో మనం ఉపన్యాసం నేర్చుకున్నాం. మైకు ఇస్తే రెండు గంటలు ఆపకుండా మాట్లాడగలం. నినాదం ఇస్తే ఊరు దద్దరిల్లుద్ది. ఒక్కడు ఒక్కడితో బల్ల దగ్గర కూర్చుని, అవతలివాడు చెప్పేది విని, ఒక మాట చెప్పి, ఆగి, మళ్ళీ వినడం మనం ఎవరికీ నేర్పలేదు. మనలో చాలామంది నాయకులకి కూడా అది రాదు (వాళ్ళింట్లో ఆడవాళ్ళని అడగండి, చెప్తారు).

మనం నేర్పకపోతే అమ్మేవాడు వచ్చాడు. గుంటూరులో, నరసరావుపేటలో బోర్డులు కట్టారు: పర్సనాలిటీ డెవలప్‌మెంట్, స్పోకెన్ ఇంగ్లీష్. ఒక తల్లి డ్వాక్రా అప్పు తెచ్చి ఫీజు కట్టింది. టై కట్టుకోవడం నేర్పారు. నవ్వడం నేర్పారు. ‘మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్’ అని బట్టీ పట్టించారు. కొడుకుది ఈ బట్టీ, తండ్రిది ఆ బట్టీ! పొద్దుట్నించీ వందమంది వచ్చి అదే ముక్క చెప్తే బల్లకి అటున్నవాడికి ఆవులింత రాదా? అంతకంటే పెద్ద మోసం ఇంకోటుంది. లోపమంతా నీలోనే ఉందని, నీ నడకలో, నీ యాసలో ఉందని పిల్లాడికి ఎక్కించి పంపుతారు. ఉద్యోగం రాకపోతే వాడు తన్ను తానే తిట్టుకుంటాడు.

అందుకని మేం కొంతమందిమి కలిసి మూడు నెలలుగా ఆదివారం సాయంత్రం, చర్చి అయిపోయి వంటలు మొదలుకాక ముందు, కమ్యూనిటీ హాల్లో కూర్చుంటున్నాం. మొదటి వారం ఐదు కుర్చీలు వేశాం. పిల్లలు పదకొండు మంది వచ్చారు. ఒక్కరూ కుర్చీలో కూర్చోలేదు. గోడకానుకుని నిలబడ్డారు, ఆడపిల్లలు కింద కూర్చున్నారు. డిగ్రీలు చదివిన పిల్లలు! మాకు ఏడుపొచ్చినంత పనైంది. కుర్చీలో వెనక్కి ఆనుకుని, చేతులు కట్టుకోకుండా కూర్చోవడానికే రెండు వారాలు పట్టింది.

మూడో వారం నుంచి ఒకటే పని పెట్టాం. మీ ఇంట్లో వాళ్ళు చేసే పని ఏదో ఒకటి రెండు నిమిషాలు చెప్పండి, తెలుగులోనే చెప్పండి అన్నాం. కాలేజీ సెలవుల్లో అమ్మతో మిరప కోతకి వెళ్ళే అమ్మాయి ముందు ‘ఏముంది చెప్పడానికి’ అంది. తర్వాత మొదలుపెట్టింది. తేజ కాయ ఎట్టా ఉంటది, 334 కాయ ఎట్టా ఉంటది, తాలు ఎందుకు వేరు చేస్తారు, సరిగ్గా ఎండని కాయ టిక్కీలో తొక్కితే ఏమవుద్ది, తొడిమలు తీసేవాళ్ళ చేతులు రాత్రికి ఎట్టా మండుతాయి, ఆ చేత్తో పసిబిడ్డని ఎత్తుకోలేక ఏం చేస్తారు. రెండు నిమిషాలు అన్నది పదిహేను నిమిషాలైంది. ఎవరూ కదల్లేదు. ఆ అమ్మాయి బీకాం. లెక్కల పోస్టుకి వెళ్ళినా, సరుకు కొనుగోలు పోస్టుకి వెళ్ళినా, నాణ్యత అంటే ఏందో ఆమెకి తెలిసినంత బల్లకి అటున్నవాళ్ళకి తెలియదు. ఆ మాటలే చిన్న చిన్న ఇంగ్లీషు ముక్కల్లో పెట్టుకోవడం తర్వాత వారం పని. ఇంగ్లీషు వద్దనే మూర్ఖులం మేం కాదు. చెప్పడానికి ముందు లోపల మాటుండాలి గదా.

ఇంకొన్ని చిన్న సంగతులు దొరికాయి. మన పిల్లలకి ‘తెలియదు’ అనడం చేతగాదు. తెలియకపోతే బిక్కచచ్చిపోతారు, లేకపోతే ఏదో కల్పిస్తారు. ‘అది నాకు తెలియదు సార్, దానికి దగ్గరగా ఇది తెలుసు’ అని గట్టిగా చెప్పించాం. ప్రశ్న అర్థం కాకపోతే ఇంకోసారి అడగండి అనమన్నాం. ఒక వాక్యంలో మూడుసార్లు సార్ అనొద్దన్నాం. ఒక కుర్రాడు ఒకసారికి తగ్గించడానికి నెల పట్టింది. జీతం ఎంత, డ్యూటీ ఎన్ని గంటలు, పీఎఫ్ కడతారా అని అడగడం మర్యాద కాదనుకుంటారు. మిరప కోతకెళ్ళే అమ్మ కూలి రేటు తేలకుండా ఆటో ఎక్కుద్దా? మీరెందుకు ఎక్కుతారు?

‘మీ నాన్న ఏం చేస్తారు’ అన్నదాని మీద మాత్రం మాలోమాకే గొడవైంది. ‘వ్యవసాయం అని చెప్పి బయటపడమనండి, కడుపు నిండితే చాలు’ అన్నాడు పెద్దాయన ఒకాయన. ఉన్నది చెప్పాల్సిందే అన్నారు కుర్రోళ్ళు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇంటిపేరు దాచుకుని, ఊరిపేరు మార్చుకుని పట్నంలో బతుకుతున్న మనవాళ్ళు ఎంతమంది లేరు? దాచుకున్నవాణ్ణి తప్పు పట్టం. దాచుకోవాల్సి రావడం ఈ దేశం తప్పు. మా మాట ఏందంటే, అబద్ధం మొయ్యడం బరువు. అది మోస్తూ మిగతా ప్రశ్నలకి జవాబు చెప్పలేం. ‘మా నాన్న సున్నం బట్టీలో పని చేస్తారు. రాయి కాల్చడం గురించి నేను మొదట ఆయన దగ్గరే చూశాను’ - ఈ రెండు వాక్యాలు చాలు. తల ఎత్తి చెప్పి పనిలోకి దిగిపోవచ్చు. అయితే ఆ గదిలో కూర్చునేది పిల్లాడు, మేం కాదు. ఏం చెప్పాలో ఆఖరికి వాడిష్టం. ఆడపిల్లలకి ఇంకో ప్రశ్న అదనం: ‘పెళ్ళెప్పుడు?’ దీనికి మంచి జవాబు మాకింకా దొరకలేదు. ఒక అమ్మాయి ‘మగవాళ్ళని కూడా అడుగుతున్నారా సార్’ అంటానంది. హాలంతా నవ్వారు. నిజంగా అంటే ఏమవుద్దో తెలిసి ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది.

ఇప్పుడు ఫోన్లో, వీడియోలో ఇంటర్వ్యూలొచ్చాయి. ఖర్చు తగ్గిందని సంబరపడ్డాం. ఒకే గది ఇల్లు, పైన రేకులు, పక్కింట్లో టీవీ, బయట కోళ్ళు, వెనక దండెం మీద బట్టలు. అవతలివాడికి జవాబు కంటే ముందు ఇల్లు కనపడుద్ది. కమ్యూనిటీ హాలు తాళంచెవి ఇంటర్వ్యూ ఉన్న పూట పిల్లలకి ఇవ్వాలని పెద్దల్ని అడిగాం, ఒప్పుకున్నారు. తెల్లగోడ ముందు బల్ల, కుర్చీ వేసి ఉంచాం. మీ పేటలో హాలుంటే తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి.

ఉద్యోగాలు వచ్చి టౌనుకెళ్ళిన మన అన్నలకి ఒక మాట. ఏప్రిల్ 14న దండ వేయడానికి వస్తారు, ఫోటో దిగుతారు, సంతోషం. మీలో కొందరు ఇప్పుడు బల్లకి అటుపక్క కూర్చుంటున్నారు. అటు కూర్చున్నవాడు ఏం చూస్తాడో మాకంటే మీకు బాగా తెలుసు. ఒక్క ఆదివారం రమ్మంటే సెలవు లేదంటున్నారు. వచ్చినవాళ్ళు ఇద్దరే.

పోయిన ఆదివారం ప్రశ్నలడిగే కుర్చీ ఖాళీగా ఉంది. బట్టీలో పనిచేసే ఆ అన్న కొడుకుని చూసిపోదామని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ‘నువ్వే అడుగన్నా’ అన్నాం. ‘నాకేం చదువుంది, నేనేం అడుగుతా’ అని వెనక్కి తగ్గాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాం. కొడుకు ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ కాసేపు నేల చూశారు. తర్వాత ఆయన గొంతు సవరించుకుని అడిగాడు: ‘రాయి బాగా కాలిందని నీకెట్టా తెలిసిద్ది?’

కొడుకు ఆలోచించాడు. ‘తెలియదు నాన్నా’ అని, కొంచెం ఆగి, ‘బరువు తగ్గుద్దని తెలుసు. ఇంకేమన్నా గుర్తుంటే చెప్పు’ అన్నాడు.

‘నీళ్ళు పొయ్యి. పొంగి పిండైతే సున్నం. పలుకు మిగిలితే లోపల పచ్చి’ అన్నాడు తండ్రి. కొడుకు జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు.

వచ్చే నెల వాడికి ఇంకో ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ ఉంది.